‘పర్వా’ అంటే మొన్నా, ఎల్లుండా?

కాల్ షీట్ అనగానే బయటివాళ్ళకు హీరోగారు ఇచ్చే డేట్లు గుర్తొస్తాయి. ఆయన కాల్ షీట్లు దొరకడం లేదట అని పేపర్లలో రాస్తుంటారు కదా, అది. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. రేపు షూటింగు ఎక్కడ, ఏయే సీన్లు, ఎవరు ఎన్నింటికి రావాలి, ఏ బట్టలు వేసుకోవాలి, ఏ సామాను కావాలి, టిఫిన్ ఎన్నింటికి, అన్నం ఎన్నింటికి అని ఒక కాగితం మీద రాసి, ముందురోజు సాయంత్రమే యూనిట్‌లో అందరికీ పంచుతాం. దాన్ని కూడా కాల్ షీట్ అనే అంటాం. ముప్పై ఏళ్ళకు పైగా డైరెక్షన్ డిపార్ట్‌మెంటులో ఉన్నాను. క్లాప్ కొట్టాను, డైలాగులు అందించాను, హీరోయిన్లకు గొడుగు పట్టించాను. కానీ ఇన్నేళ్ళూ నువ్వు చేసిందేమిటయ్యా అని ఎవరైనా నిలదీస్తే, కాగితం రాశానని చెబుతాను.

సినిమాకు పనిచేసిన వాళ్ళందరూ చదివి, ప్రేక్షకుడు ఒక్కడూ చదవని రాత అదొక్కటే. రోజు సవ్యంగా జరిగితే ఆ కాగితం ఎవరికీ గుర్తుండదు. తేడా వచ్చిందా, మొదట చేతిలోకి తీసుకునేది దాన్నే, మొదట తిట్టేది రాసినవాణ్ణే.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కాల్ షీట్‌ను ఫోన్లో నొక్కి పంపిస్తున్నారు. నీలం టిక్కులు పడగానే పని అయిపోయిందనుకుంటున్నారు. చేరడం వేరు, అర్థం కావడం వేరు. ఆ రెండింటి మధ్య ఎంత దూరం ఉంటుందో నాకు మా సొంత ఊళ్ళో, నన్ను చిన్నప్పటినుంచీ ఎరిగిన మనుషుల ముందు తెలిసొచ్చింది. ప్రమోషన్లూ, యూనియన్ కార్డులూ, టైటిల్స్‌లో పేరు ఎన్నో వరుసలో పడిందీ ఎవరైనా చెబుతారు. నేను ఇదే చెబుతాను.

అక్షరాలు మాత్రం మరాఠీవి

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్, లాల్‌పేట్ గని క్వార్టర్లు. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, బడిలో మరాఠీ. మాట్లాడటానికి మూడు భాషలూ వచ్చు, రాయడానికి మాత్రం బళ్ళో నేర్పిందే. తెలుగు సినిమాల పిచ్చి పట్టి హైదరాబాదు వెళ్ళి, ఎవరెవరి కాళ్ళో పట్టుకుని ఒక కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాను. గోడ మీద పోస్టరు చూసి సినిమా పేరు చదవలేనివాడు తెలుగు సినిమాలో చేరాడన్నమాట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా కో-డైరెక్టరు సాంబమూర్తి గారిది తెనాలి వైపు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎప్పుడూ నములుతుండే వక్కపొడి. సాయంత్రం ప్యాకప్ కాగానే రేపటి కాల్ షీట్ గడగడా చెప్పేవారు, నేను రాసుకునేవాణ్ణి. తెలుగు మాటలను మరాఠీ అక్షరాల్లో రాసుకుని, గదికి పోయి, మూడో తరగతి వాచకం పక్కన పెట్టుకుని తెలుగు లిపిలోకి మార్చి, కార్బన్ పెట్టి కాపీలు తీసేవాణ్ణి. నెలన్నర అలా నెట్టుకొచ్చాను. ఒకరోజు ఆయన చెప్పడం ముగించి, "ఏదీ, ఇలా ఇవ్వు, ప్రొడ్యూసరు గారు చూస్తారంట" అని చెయ్యి చాపారు.

కాగితం ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు, తిరగేసి చూశారు.

"ఏవయ్యా, ఇదేం భాష?"

"తెలుగేనండి. అక్షరాలు మాత్రం మరాఠీవి."

"చదువు."

తడబడకుండా చివరిదాకా చదివాను. ఆయన వక్కపొడి నమలడం ఆపేశారు.

"నువ్వు చదివితే తెలుగే. ఒప్పుకున్నాను. కానీ దీన్ని చదవాల్సింది నువ్వా, లైట్‌మెన్లా?"

ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఊడలేదు. రేపటి నుంచి కార్బన్ పెట్టవద్దని, ఎన్ని కాపీలు కావాలంటే అన్నీ చేత్తోనే రాయమని చెప్పారు. అలా నేర్చుకున్నాను తెలుగు. నాకు మొదట వచ్చిన మాట ‘ఉదయం’, రెండోది ‘టిఫిన్’. మూడు నెలలకు చేతి రాత కుదిరింది. ల ఎక్కడో, ళ ఎక్కడో మాత్రం ఈనాటికీ ధైర్యం లేదు. ఈ రాసింది కూడా మా అమ్మాయి దిద్దిపెట్టింది.

సాంబమూర్తి గారు మంచివారని చెప్పడానికి ఇది రాయలేదు. ఆయన నోరు మంచిది కాదు. యూనిట్‌లో ఆయన తిట్టని మనిషి లేడు. కానీ రాని పనిని దాచుకునేవాణ్ణి వెళ్ళగొట్టడం కంటే, వాడి చేత ఆ పనే పదింతలు చేయించడం మేలని ఆయనకు తెలుసు. నేను తర్వాత నలుగురు కుర్రాళ్ళ మీద ఈ పద్ధతి వాడాను. ముగ్గురు నిలబడ్డారు. నాలుగోవాడు పారిపోయి రాజకీయాల్లో స్థిరపడ్డాడు.

ఆరింటికి వచ్చిన పెద్దాయన

కొత్తలో నేర్చుకున్న దొంగ తెలివి ఒకటుంది. తొమ్మిదింటికి కావలసిన మనిషికి ఏడని రాయడం. ఎలాగూ ఆలస్యంగా వస్తారు కదా, ఆ రెండు గంటలూ మనమే ముందుగా కలిపేస్తే సరిపోతుందని. ఈ తెలివి నా ఒక్కడిదే అయితే బాగుండేది, అందరిదీ అదే. దాంతో ఏడంటే తొమ్మిదని, తొమ్మిదంటే పదకొండని అందరికీ తెలిసిపోయి, మళ్ళీ మేం ఐదని రాయాల్సి వచ్చేది.

ఒక సినిమాలో తాత వేషానికి ఒక పెద్ద నటుడొచ్చారు. ఆయనకు ఆరని రాశాను. ఆయన సీను తీసింది మధ్యాహ్నం దాటాక. ఆరింటికి ఐదు నిమిషాల ముందే వచ్చి, మేకప్ వేయించుకుని, సామాను పెట్టె మీద కూర్చున్నారు. షుగరు మనిషి. అన్నాల వేళ నన్ను పిలిచారు.

"బాబూ, నా సీను మధ్యాహ్నమని నీకు నిన్ననే తెలుసా?"

"తెలుసండి."

"మరి ఆరని ఎందుకు రాశావు?"

అందరూ ఆలస్యంగా వస్తారు కాబట్టి అలా రాస్తామని నసిగాను.

"రాసిందాన్ని నమ్మనివాడు హాయిగా ఇంట్లో పడుకున్నాడు. నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకే శిక్ష వేశావు" అన్నారు. కోపంగా అనలేదు. మజ్జిగ తాగుతూ అన్నారు.

ఆ తర్వాత కాగితం మీద అబద్ధపు టైము పెట్టలేదు. మొదట్లో కొన్నాళ్ళు నష్టపోయాం, తిట్లు తిన్నాను. తర్వాత నా కాగితంలో ఏడంటే ఏడేనని పేరు పడింది. కాగితం మీద అబద్ధం మానేశాను గానీ, నోటితో ఆడటం మానడానికి ఇంకొంత కాలం పట్టింది.

మా ఊళ్ళో షూటింగు

తొంభైల నడిమి సంగతి. ఊళ్ళు మారిపోతున్న రోజులవి. మా చంద్రపూర్‌లో మూలమూలకూ పసుపుపచ్చ ఎస్‌టీడీ బోర్డులు, మిద్దెల మీద కేబుల్ గొడుగులు, తుకుం బస్తీలో కొత్తగా జెరాక్స్ దుకాణం. మా కంపెనీ బొగ్గుగని కథతో సినిమా తీస్తోంది. గని మాకెందుకు దొరుకుతుందని అందరూ అంటుంటే సాంబమూర్తి గారు డైరెక్టరుతో అన్నారు: "మా శంకర్‌ది ఆ ఊరే సార్. అక్కడి కాగితాలన్నీ వాడే రాస్తాడు. వాడికి నేను పూచీ." ఈ షెడ్యూలు సరిగ్గా నడిపిస్తే వచ్చే సినిమాకు నన్ను అసోసియేట్ డైరెక్టరును చేస్తానని డైరెక్టరు గారు కూడా అన్నారు. ఆయన కొత్త తరం మనిషి, గడియారం చూస్తూ మాట్లాడతారు.

మూడు రోజుల పని గని ఆడవాళ్ళతో ఉంది. శుక్రవారం, లోపల పైకప్పు కూలిందని భోంగా మోగితే ఆడవాళ్ళు వీధుల్లోంచి గని గేటు దాకా పరుగెత్తుకు రావడం. భోంగా అంటే గని సైరను, మా దగ్గర అందరూ అదే అంటారు. ఆదివారం, అదే సీను కొనసాగింపు: గని మూతి దగ్గర ఆ ఆడవాళ్ళే నిలబడి, పైన మనుషులను పైకి లాగే పెద్ద చక్రం తిరుగుతుంటే, లోపలివాళ్ళు పైకి వస్తారా అని చూడటం. సోమవారం, కథలో ఎప్పుడో తర్వాత వచ్చే పెళ్ళి ఊరేగింపు. మధ్యలో శనివారం వాళ్ళకు పని లేదు, ఆ రోజు పద్మాపూర్‌లో హీరో సీన్లు.

అసలైనది ఆదివారం సీను. గని మేనేజరు గారు ఆ ఒక్క సెలవు రోజున, అది కూడా పన్నెండు దాకా మాత్రమే మూతి దగ్గర షూటింగుకు ఒప్పుకున్నారు. మళ్ళీ అడగవద్దని ముందే చెప్పారు. ఆ పూట పోతే సీను పోతుంది. సీను పోతే నాకు పూచీ పడ్డ సాంబమూర్తి గారి మాట పోతుంది, నా అసోసియేట్ పదవి ఊహల్లోనే ఉండిపోతుంది.

నలభై మంది ఆడవాళ్ళను పోగుచేసింది రాజవ్వ. ఆమె భర్త, మా నాన్న గనిలో జోడీగా పనిచేసినవాళ్ళు. నాన్న ఆయనను బావా అనేవాడు కాబట్టి నాకు ఆమె అత్త. లాల్‌పేట్‌లో రాజవ్వ పిలిస్తే రానివాళ్ళు ఉండరు. రాకపోతే ఆమె ఊరుకోదు.

ఆ ఆడవాళ్ళందరూ చక్కగా తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. పెద్దవాళ్ళు చదువుకోలేదు. కోడళ్ళు చదివింది మరాఠీ బడుల్లో. అందుకని వాళ్ళ కోసం విడిగా మరాఠీలో ఒక కాల్ షీట్ రాశాను. తెలుగు రాక తల వంచుకున్నవాణ్ణి, మొదటిసారి యూనిట్ మొత్తంలో ఎవరికీ రాని పని నాకొచ్చని తల ఎత్తుకున్నాను. శనివారం సాయంత్రం తుకుంలో జెరాక్స్ తీయించి, పంచమని రాజవ్వ కోడలు సునీత చేతికి ఇచ్చాను.

అందులో ఆదివారానికి బట్టల దగ్గర ‘పర్వాచ్యా సాడ్యా’ అని రాశాను. మొన్నటి చీరలు అని నా ఉద్దేశం. శుక్రవారం కట్టుకున్న వాళ్ళ సొంత పాత చీరలే మళ్ళీ కట్టుకోవాలి కదా, ఒకే సీను కాబట్టి.

ఇక్కడ మరాఠీ సంగతి ఒకటి చెప్పాలి. పర్వా అంటే మొన్న. పర్వా అంటే ఎల్లుండి కూడా. రెండింటికీ అదొక్కటే మాట.

పెళ్ళికి వచ్చినట్టు

ఆదివారం ఉదయం ఏడుకు నలభై మందీ వచ్చారు. ఒక్కరూ ఆలస్యం కాలేదు. భోంగా మీద బతికేవాళ్ళకు టైమంటే టైమే. దూరం నుంచి చూసి ముందు సంతోషించాను, దగ్గరికి వచ్చేకొద్దీ చీరలు తేడాగా కనిపించాయి. చిలకపచ్చ, పసుపు, ఎరుపు, మెరుపు అంచులు, తలల్లో మల్లెపూలు. మొగుళ్ళు గనిలో చిక్కుకున్నారని గుండెలు బాదుకోవాల్సిన ఆడవాళ్ళు పెళ్ళికి తరలి వచ్చినట్టు వచ్చారు. సోమవారం ఊరేగింపుకని మా కాస్ట్యూమరు నూకరాజు శనివారమే పంచిపెట్టిన కొత్త చీరలవి.

"అత్తా, ఇదేంది?"

"ఏందంటవేంది అల్లుడా, నువ్వే గదా రాసినవ్. పర్వా చీరలని. మా సునీత రెండుమార్లు సదివింది. ఎల్లుండి పెండ్లి చీరలు గివేనాయె."

సునీత కాగితం తీసి చూపించింది. నా రాతే. నేను ఆదివారాన్ని తలలో పెట్టుకుని రాశాను, ఆదివారానికి శుక్రవారం మొన్న. వాళ్ళు శనివారం సాయంత్రం చదివారు. శనివారానికి శుక్రవారం నిన్న, మొన్నంటే గురువారం, అప్పటికి షూటింగే మొదలు కాలేదు. ఇక మిగిలింది ఎల్లుండి, అంటే సోమవారం, అంటే పెళ్ళి. వాళ్ళు చదివిందే సరైన చదువు. కాగితం రాసేవాడు రేపటి తలతో రాస్తాడు, చదివేవాడు ఇవాళ్టి తలతో చదువుతాడు. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను.

డైరెక్టరు గారు కారు దిగారు. వెనకే సాంబమూర్తి గారు, నూకరాజు.

"ఏమిటిది శంకర్?"

నేను సునీత చేతిలోని కాగితం వైపు చూశాను. నూకరాజు అందుకున్నాడు. "ఈళ్ళకి సదువొచ్చి సస్తే కదా సార్. కాయితంలో ఒకటుంటే ఇంకోటి సదూకున్నారు."

డైరెక్టరు గారు నన్నే చూస్తున్నారు. "నువ్వు సరిగ్గానే రాశావా?"

ఆ కాగితం చదవగలిగినవాడు యూనిట్‌లో ఇంకొకడు లేడు. నేను ఏం చెబితే అదే నిజం. "సరిగ్గానే రాశాను సార్. వాళ్ళే తప్పు చదివారు" అన్నాను.

అన్నది తెలుగులో. ఎదురుగా ఉన్న నలభై మందికీ తెలుగు వచ్చునని ఆ క్షణంలో నాకే తట్టలేదు. చదవలేనివాళ్ళకు వినిపించదు కూడా అనుకున్నానేమో. సునీత ముఖం ఎర్రబడింది, కాగితం పట్టుకున్న చెయ్యి ముందుకు వచ్చింది. రాజవ్వ ఆ కాగితం తీసుకుని, మడిచి, బొడ్లో దోపుకుంది. నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు గురించి రాయడం నాకు చేతకాదు. సిగ్గుతో చచ్చిపోయాను, అంతే.

"అవు సారూ" అంది డైరెక్టరు గారితో. "మేమే తప్పు సదివినం. జర్ర ఆగుండ్రి, పోయి పాతయి తెస్తం."

తేవడం అంత సులువు కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆదివారం మా కాలనీలో బట్టల రోజు. తెల్లవారకముందే వారం బట్టలన్నీ బకెట్లలో నానబెట్టి గానీ ఎవరూ గడప దాటరు. శుక్రవారం చీరలన్నీ సబ్బునీళ్ళలో ఉన్నాయి. అరగంటలో నలభై మందీ వాటిని పిండి, భుజాన వేసుకుని వచ్చారు. మే నెల, చంద్రపూర్ ఎండ. మా ఎండను అందరూ తిడతారు గానీ ఆ పూట నేను దానికి దండం పెట్టుకున్నాను. గని ముందు మైదానంలో ఇద్దరిద్దరు చెరో కొస పట్టుకుని చీరలు చాపారు. మనుషులు చాలక లైట్‌మెన్లు పట్టుకున్నారు, కెమెరా అసిస్టెంట్లు పట్టుకున్నారు. ఒక ఆకుపచ్చ చీరకు ఆ చివర సాంబమూర్తి గారు, ఈ చివర నేను.

చీర గాలికి మా మధ్య తెరలాగా లేచింది. ఆయన ముఖం నాకు కనిపించడం లేదు. కనిపిస్తే చెప్పగలిగేవాణ్ణి కాదు.

"సార్, తప్పు వాళ్ళది కాదండి. నాది. రెండర్థాల మాట రాశాను."

అవతలి కొస ఒక్కసారి బిగుసుకుంది.

"అంటే, నాకు మరాఠీ రాదని నా ముందు అబద్ధమాడావన్నమాట."

"అవునండి."

"ఆవిడ నీ కోసం నెత్తిన వేసుకుంది."

"అవునండి."

"సరిగ్గా పట్టుకో. కొస నేలకు తగుల్తోంది."

చీరలు ఆరాయి. నూకరాజు బొగ్గుల ఇస్త్రీ పెట్టె కోసం వెతుకుతుంటే రాజవ్వ నవ్వింది. "గని కాడికి ఉరికొచ్చినోళ్ళ చీరలు ఇస్త్రీ జేస్తవా బిడ్డా?" ఇస్త్రీ అక్కర్లేదు గానీ, నానబెట్టి పిండటం వల్ల శుక్రవారం నాటి బొగ్గు మరకలు పోయాయి. అది డైరెక్టరు గారు పట్టుకున్నారు. దానికీ రాజవ్వే, "దుమ్ముకేమన్న కరువా సారూ ఈడ" అని నేల మీద చతికిలబడింది. నలభై మందీ కూర్చుని, లేచి, దులుపుకోకుండా నిలబడ్డారు. శుక్రవారం చీరలు మళ్ళీ వచ్చాయి.

షాట్ మొదలయ్యేలోపు డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి, అందరూ వినేలా, తప్పు నాదని, వాళ్ళు సరిగ్గానే చదివారని చెప్పాను. ఆయన గడియారం చూసుకుని, "ఇది ఇంతకుముందే చెప్పాల్సింది" అని మైకు అందుకున్నారు. చక్రం రెండుసార్లు తిరిగింది. ఆ ఆడవాళ్ళకు నటన నేర్పాల్సిన పని లేదు. చక్రం వైపు చూడమంటే చూశారు, అంతే. వాళ్ళలో కొందరు నిజంగానే ఒకప్పుడు అక్కడ అలా నిలబడి చూసినవాళ్ళు. పన్నెండుకు పది నిమిషాలుందనగా ప్యాకప్ చెప్పాం.

కాగితం చదివి వినిపించడం

సాంబమూర్తి గారు నాకు దూరంగా కూర్చుని అన్నం తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ అన్నారు: "రేపటి షీటు నువ్వే రాయి. రాశాక ఆవిడ దగ్గరికి పోయి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు. ఆవిడ సరేనంటేనే జెరాక్సుకు పో. లేదంటే నీకు క్లాపు కూడా ఇవ్వను."

సాయంత్రం నాలుగింటికల్లా రాజవ్వ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆమె లోపలి నుంచి చాయ తెచ్చి పెట్టింది. పొద్దుటి సంగతి నేను ఎత్తలేక చాయ చల్లార్చుకుంటుంటే ఆమే ఎత్తింది.

"గట్లెందుకన్నవ్ శంకరూ?"

"భయమైంది అత్తా. ఉద్యోగం పోతదనుకున్న." నేనూ అడిగాను. "నువ్వెందుకు నీ మీదేసుకున్నవ్?"

"మాకు ఇది మూడొద్దుల ముచ్చట. నీకు బతుకుదెరువు గదా. గనిల జోడీగాడు జారితే పక్కోడు పట్టుకుంటడు. మీ నాయినె మా ఆయిన్ని రెండుమార్లు పట్టుకున్నడు." చాయ గ్లాసు నా వైపు జరిపింది. "కని మా సునీతను సదువురాందని అన్నవు సూడు, గది మంచిగ జెయ్యలే. పోయి దానితో మాట్లాడు."

లోపలికి వెళ్ళి సునీతతో మాట్లాడాను. ఆ అమ్మాయి నా ముఖం చూడకుండా అంతా విని, "దాదా, ఇక తారీకు రాయండ్రి, వారం పేరు రాయండ్రి. పర్వా గిర్వా వద్దు" అంది. దాదా అంటే మరాఠీలో అన్న. ఆనాటి నుంచి నా కాల్ షీట్లలో మొన్న లేదు, ఎల్లుండి లేదు, రేపు కూడా లేదు. తేదీ, వారం పేరు. అంతే.

తర్వాత రాజవ్వకు చదివి వినిపించాను. సోమవారం, ఉదయం తొమ్మిది, పెళ్ళి ఊరేగింపు, లాల్‌పేట్ సడక్ మీద. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మగోళ్ళు లేకుండనే బరాత్ దీస్తవా? సోమారం పొద్దున సగం మంది ఫస్ట్ షిఫ్టుల ఉంటరు. నాలుగింటి భోంగా అయినంక పెట్టు, అందరొస్తరు."

నేను ఆ గనుల మధ్య పుట్టినవాణ్ణి. హైదరాబాదు లెక్కలో తొమ్మిదని రాసేశాను. మార్చాను. ఇంకా చదివాను. మేళం, గుర్రం, పూలదండలు, కెమెరా ట్రాలీ, హీరో, హీరోయిన్, హీరో తండ్రి వేషం, పేర్లు పేర్లుగా. చివర్లో ‘గని ఆడవాళ్ళు - నలభై’.

"గిందుల మా పేర్లేవి?"

"నలభై మంది అని రాసిన గదా అత్తా."

"గుర్రం పేరు గూడ ఉంది గదా?"

నిజమే. గుర్రం యజమాని ముద్దుపేరుతో సహా చెబితే అలాగే రాశాను. కాగితం తిప్పి, ఆమె చెబుతుంటే నలభై పేర్లూ రాశాను. ఒక పక్క మరాఠీలో, ఒక పక్క తెలుగులో. చీకటి పడేలోపు అయిపోయింది. రాజవ్వ తన పేరు ఏదని అడిగింది. ఆమె వేలు పట్టుకుని మొదట తెలుగు పేరు మీద, తర్వాత మరాఠీ పేరు మీద పెట్టాను. ఆమె రెండింటినీ కాసేపు చూసింది.

"గింతేనా? పిలిస్తే మస్తు పెద్దగ వినవడ్తది గదా" అంది.

ఆ సినిమా ఆడలేదు. ఆడకపోవడానికి కాల్ షీట్లతో సంబంధం లేదు, కథ అలాంటిది. నేను అసోసియేట్‌ను అయ్యాను, ఇంకా చాలా సినిమాలకు కాగితాలు రాశాను. ఎంత మంది జూనియర్ ఆర్టిస్టులున్నా పేర్లు రాసే పంపాను. అంత తీరిక ఎక్కడిదని నన్ను ఎగతాళి చేసినవాళ్ళున్నారు. తీరిక ఉండదు, చేసుకోవాలి. రాసిన కాగితాన్ని యూనిట్‌లో అందరికంటే తక్కువ చదివినవాళ్ళకు ఒకసారి వినిపించండి. తప్పులన్నీ వాళ్ళే పట్టుకుంటారు. ఇంతకంటే నేను మీకు నేర్పగలిగింది ఏమీ లేదు.

ఆ సోమవారం సాయంత్రం నాలుగింటి భోంగా మోగి, మగవాళ్ళు స్నానాలు చేసి సడక్ మీదికి వచ్చారు. మామూలుగా అయితే "ఏయ్, ఆడవాళ్ళంతా ఇటు రండి" అని అరిచేవాణ్ణి. ఆ రోజు పెట్టె ఎక్కి కాగితం తెరిచాను. గనిలో పొద్దున్నే ఇలాగే పేర్లు పిలుస్తారు, దాన్ని హాజ్రీ అంటారు. మా నాన్న పేరు, రాజవ్వ భర్త పేరు ఏళ్ళ తరబడి రోజూ పిలిచారు. వాళ్ళ ఆడవాళ్ళ పేర్లు ఆ కాలనీలో ఎవరూ ఎప్పుడూ అలా పిలవలేదు. మొదటి పేరు చదివాను. కొత్త చీర కొంగు సర్దుకుని, మగవాళ్ళందరూ తిరిగి చూస్తుండగా, గని మనిషి పలికినట్టే పలికింది రాజవ్వ.

"హాజర్."